మేకుకున్న గుడ్డ

పెరట్లో పుట్టగొడుగులు పెంచే గదిలోకి ముక్కుకి గుడ్డ కట్టుకోకుండా వెళ్లకూడదు. గొడుగులు విచ్చుకుంటే సన్నటి పొడి రాలుతుంది. అది ఊపిరితిత్తుల్లో చేరితే దగ్గు పట్టుకుంటుంది. ఆ మాట మా ఆయనకి చెప్పీ చెప్పీ నా నోరు పడిపోయేది. "నాకేం కాదులేవే" అనేవారు. చివరికి ఆ దగ్గే ఆయన్ని తీసుకుపోయింది.

ఆయన కోసం కుట్టిన గుడ్డ మాత్రం గది తలుపు పక్కన మేకుకి అలాగే వేలాడుతోంది. ఇస్త్రీ మడత కూడా చెదరలేదు.

రాత్రి నాకు తోడు పడుకోడానికి వచ్చిన చెల్లి నన్ను తట్టి లేపింది.

"అక్కా, పెరటి గదిలో నీళ్లెవరు కొడుతున్నారు?"

చెవి ఒగ్గి విన్నాను. స్ప్రేయర్ చప్పుడు కాసేపు బుస్సుబుస్సుమని, కాసేపు ఆగి, మళ్లీ మొదలవుతోంది. ఆయన కొట్టే తీరే అది. పుట్టగొడుగులు మొలిచే గడ్డి సంచీ ఒక్కోటీ తడిపాక దగ్గుకోడానికి ఆగేవారు.

ఇప్పుడూ ఆగుతోంది. దగ్గు మాత్రం వినిపించడం లేదు.

టార్చి పట్టుకుని వెళ్లాను. తలుపుకి బయట నేను పెట్టిన గడియ పెట్టినట్టే ఉంది. తీయగానే చప్పుడు ఆగిపోయింది. లోపల ఎవరూ లేరు. వరసగా వేలాడుతున్న సంచుల నుంచి నీళ్లు బొట్లు బొట్లుగా కారుతున్నాయి.

"వచ్చెయ్ అక్కా, నీకు దణ్ణం పెడతా" అంది చెల్లి, గుమ్మం దాటకుండానే.

మేకుకి గుడ్డ ఉంది. మడత లేదు. తాళ్లు ముడేసి విప్పినట్టు నలిగి ఉన్నాయి. చేతిలోకి తీసుకున్నాను. లోపలి వైపు తడిగా, ఇంకా వెచ్చగా ఉంది.

"ఇప్పుడు కట్టుకుని ఎవర్ని ఉద్ధరిద్దామనండీ?" అన్నాను.