తాగకుండా వెళ్ళినవాడు

ముసలాయన కాఫీ కప్పు అందుకున్నాడు. తాగలేదు. తన ముందు తివాచీ మీద పెట్టేశాడు.

చావడిలో అందరి కళ్ళూ ఆ కప్పు మీద పడ్డాయి.

దాని అర్థం ఎడారి అంచున ఉన్న ఆ కరక్ ఊళ్ళో పసిపిల్లలకు కూడా తెలుసు. వచ్చినవాడికి ఒక కోరిక ఉంది. ఇంటి పెద్ద "నీ మాట తీరుస్తాను, తాగు" అనేదాకా ఆ కాఫీ ముట్టడు.

ఇంటి పెద్ద హాయిల్ పోయి నలభై రోజులైంది. ఆయన చోట ఇప్పుడు కొడుకు రాకాన్ కూర్చున్నాడు. అదీ తాత్కాలికంగా.

గొర్రె పెరుగు ఎండబెట్టి, జమీద్ ఉండలు చేసి దేశమంతా అమ్మే వాళ్ళ వ్యాపారానికి ఇకమీదట పెద్ద ఎవరో ఆ సాయంత్రమే తేలాలి. తేల్చేది మేనత్త నోఫా. ఆవిడ కొడుకు సత్తామ్ కన్ను కూడా ఆ చోటు మీదే ఉంది.

"రాకాన్ ఉత్త మెతక. వాళ్ళ నాన్నలాగే అడిగినవాడికల్లా తలూపుతాడు" అని సత్తామ్ ఊరంతా టముకు వేశాడు.

ఆ మాట రాకాన్ మనసులో ముల్లులా ఉండిపోయింది. తానూ గట్టివాడినేనని పదిమందిలో చూపించుకోవాలని ఉవ్విళ్ళూరుతున్నాడు. చావడిలో సరిగ్గా పదిమంది ఉన్నారు. వ్యాపారులు, లారీ డ్రైవర్లు.

"ఏం పెద్దాయనా, కాఫీ చల్లారిపోతోంది" అన్నాడు.

"నాదొక మాట ఉంది బాబూ."

"ఉద్యోగమైతే లేదు. నీ కొడుక్కీ లేదు, నీ మనవడికీ లేదు. వారం రోజులుగా అందరిదీ ఇదే పాట."

"ఉద్యోగం కాదు."

రాకాన్ ఆయన్ను ఎగాదిగా చూశాడు. మాసిన గొర్రె తోలు అంగీ. కాళ్ళకు టైరు చెప్పులు.

"మరి పాల ధర పెంచమంటావా? నీ గొర్రెలు బంగారం పిండుతున్నాయా?"

డ్రైవర్లు పకపకా నవ్వారు. ఆ నవ్వు రాకాన్‌కు తెగ నచ్చింది.

"ధర సంగతీ కాదు. నువ్వు సరేనంటే చెప్తాను."

"ఏమిటో వినకుండానే సరేననడానికి నేను మా నాన్నను కాను."

ముసలాయన తలెత్తి అతని ముఖంలోకి చూశాడు. కోపం లేదు.

"కావు" అన్నాడు మెల్లగా.

లేచి నిలబడ్డాడు. కప్పు అక్కడే ఉండిపోయింది.

"మీ నాన్నను దేవుడు చల్లగా చూడాలి. కబురు ఆలస్యంగా అందింది నాకు" అని బయటికి నడిచాడు.

కాఫీ పోసే సువైలిం ముఖం పాలిపోయింది.

"తాగకుండా వెళ్ళిపోయాడయ్యా! ఇరవై ఏళ్ళుగా ఇక్కడ కాఫీ పోస్తున్నాను, ఈ గడపలో ఇలాంటిది ఎప్పుడూ చూడలేదు. పరిగెత్తి పిలుచుకు రానా?"

"ఊరుకో బాబాయ్. ఒక్కడికి వంగితే రేపు వందమంది వస్తారు."

 రాకాన్ మీసం సర్దుకుని కూర్చున్నాడు.

మధ్యాహ్నం నమాజు అయ్యాక నోఫా అత్త వచ్చింది. వెనకాలే సత్తామ్ తల వంచుకుని వచ్చాడు.

అత్త వస్తూనే చావడంతా కలియజూసింది. "ముత్లఖ్ ఏడిరా?"

"ఏ ముత్లఖ్ అత్తా?"

"పొద్దున నీ దగ్గరికే బయల్దేరాడే! గొర్రె తోలు అంగీ వేసుకుని ఉంటాడు."

 సువైలిం గోడవైపు తిరిగాడు.

"వచ్చాడు. వెళ్ళిపోయాడు."

"ఏమడిగాడు?"

"చెప్పనివ్వలేదు... కాఫీ కూడా తాగలేదు."

నోఫా నెత్తి కొట్టుకుంది. "ఓరి నీ బుద్ధి తెల్లారా! తెల్లవారుజామునే మా ఇంటికి వచ్చాడురా. నా ముందూ కప్పు అలాగే పెట్టాడు. నేను తాగమన్నాకే నోరు విప్పాడు. నా కొడుకును కాదని, నిన్ను పెద్దగా కూర్చోబెట్టమన్నాడు."

"నన్నా?"

"నిన్నే. అందుకు బదులుగా సత్తామ్‌ను దూరం చేసుకోవద్దని నీ దగ్గర మాట తీసుకుంటానన్నాడు. ఆయన కోరిక అదొక్కటే."

రాకాన్ చెప్పులైనా వేసుకోకుండా వీధిలోకి పరిగెత్తాడు. గొర్రెల లారీ ఎక్కి ముసలాయన ఎడారి దారి పట్టి మూడు గంటలైందని అంగడివాడు చెప్పాడు. ఏ మేత భూములకు పోయాడో ఎవరికీ తెలియదు.

తిరిగి వచ్చాడు. పొద్దున నవ్విన డ్రైవర్లు ఇప్పుడు అతని వైపు చూడలేదు. సిగ్గుతో చెవులు కాలిపోతున్నాయి. పేరైనా అడగలేదు కదా, పేరైనా!

"కూర్చో. నేనిచ్చిన మాట తప్పను" అంది అత్త.

"నాకు ఆ చోట కూర్చునే ముఖం లేదత్తా. ఎవరాయన? మనకేమవుతాడు?"

"చుట్టమూ కాదు, పక్కమూ కాదు. నీకు చెప్పొద్దని మీ నాన్న చేత ఒట్టు వేయించుకున్నాడు" అంటూ నోఫా తలముసుగు కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

"మా నాన్న, అదే మీ తాత, పోతూ పోతూ, అప్పట్లో కోపిష్టి అయిన మీ నాన్నను నమ్మలేక ఈ చోటు తన గొర్రెల కాపరికి అప్పగించాడురా, ఆరేళ్ళు ఇక్కడ పెద్దగా కూర్చున్న ఆ ముత్లఖే, ఎదుటివాడి మాట చివరిదాకా వినడం మీ నాన్నకు అలవాటైన రోజున, చెయ్యి పట్టుకుని తెచ్చి ఇక్కడ కూర్చోబెట్టి, మళ్ళీ తన గొర్రెల వెంట వెళ్ళిపోయాడు."