నెయ్యి గది

పూతరేకు చిరగకుండా ఊడి రాగానే కావ్య పకపకా నవ్వింది. బోర్లించిన కుండ కింద కొబ్బరాకుల మంట. పిండినీళ్ళలో ముంచిన గుడ్డని కుండ మీద ఒక్కసారి లాగితే చాలు, తెల్లటి పొర! ఎత్తి పట్టుకుంటే అందులోంచి అత్తగారి ముఖం కనిపిస్తోంది.

"ఆటలు చాలు, కుండ మాడుతోంది," అంది అత్తగారు సత్యనారాయణమ్మ. అంటూనే విరిగిన రేకు ముక్కకి పంచదార అద్ది కోడలి నోట్లో పెట్టింది.

కావ్యకి పెళ్ళై నెల కూడా కాలేదు. ఆత్రేయపురంలోని శ్యామ్ బాబు గారి పూతరేకుల పాకలో ఆమెకి ఇదే మొదటి రోజు.

గుమ్మంలోకి లక్ష్మీదుర్గ వచ్చి నిలబడింది. కిందటి వారం దాకా, ఇప్పుడు కావ్య కూచున్న పీట మీదే పనిచేసిన పిల్ల.

"పోలీసు స్టేషనుకి వెళ్తున్నా పిన్నీ. మీలో ఒక్కరు తోడు రండి. ఆ రోజు నెయ్యి గదిలో శ్యామ్ బాబు గారు తలుపేసి నా మీద పడితే, నా అరుపు విన్నామని చెబితే చాలు."

ఎదురు పీట మీది గంగాభవాని కుండ మీంచి తలెత్తలేదు. "ఈ మంటల చిటపటల్లో ఏం వినబడుద్దమ్మా?"

"తలుపవతల నుంచి నువ్వు నా పేరు పెట్టి పిలిచేవు కదా అత్తా!"

గంగాభవాని మంటలోకి ఇంకో ఆకు తోసింది.

పక్క పీట మీది వీరవేణి అందుకుంది. "అసలు ఒక్కదానివీ ఎందుకెళ్ళేవే? పైగా ఆ పూలూ, ఆ పట్టీలూ! పనికొచ్చేవా, పెళ్ళికొచ్చేవా?"

"నెయ్యి పట్టుకెళ్ళమని పిలిచేరు. వెళ్ళేను."

"ఆయ్, మమ్మల్నీ పిలుస్తారు. మాకేం అవలేదే!" సత్యనారాయణమ్మ విసురుగా గుడ్డ లాగింది. "దేవుడిలాంటి మనిషి. మా వాడి పెళ్ళికి పందిరి వేయించేరు. నోరు మూసుకుని ఇంటికెళ్ళు. రేపు నీకు సంబంధాలు రావద్దూ?"

లక్ష్మీదుర్గ ముగ్గురి ముఖాలూ చూసింది. చివరికి కావ్య వైపు చూసింది.

కావ్య తల దించుకుంది. ఇంతమంది పెద్దవాళ్ళు ఒకే మాట అంటుంటే ఈ పిల్లదే తప్పు కాబోలు అనుకుంది.

"సరే పిన్నీ."

లక్ష్మీదుర్గ చెప్పులేసుకుంది. స్టేషనుకి వెళ్ళే బస్సు ఎదురుగానే ఆగింది. ఎక్కలేదు. ఇంటి దారి పట్టింది.

ముగ్గురూ మళ్ళీ గుడ్డలు ముంచి కుండల మీద లాగారు. అప్పుడు వెనకనున్న నెయ్యి గదిలోంచి శ్యామ్ బాబు గారి గొంతు మెత్తగా వచ్చింది.

"నెయ్యి కాగిందమ్మా. ఆ కొత్తమ్మాయిని ఓసారి పంపండి!"

"ఆయ్, వస్తున్నానండీ!" కావ్య హుషారుగా లేచింది.

మూడు పక్కల నుంచీ మూడు పిండిచేతులు ఒక్కసారే ఆమె చీర పట్టుకుని కిందికి లాగేశాయి.