బల్ల మీద మిగిలినవాడు

డెస్మండ్ మళ్ళీ పారిపోయాడు. తన బొమ్మ అంతరిక్ష నౌకకు ఒక్క దెబ్బ తగిలితే చాలు, దాన్ని బల్ల అంచు దాటించి పెట్టెలో దాచేస్తాడు. చర్చి హాల్లో ప్రతి మంగళవారం మేమాడే ఈ బల్ల మీది యుద్ధం ఆటలో నాకీ రోత తప్పదు.

"సిగ్గు లేదట్రా నీకు?" అన్నాను.

"ఎందుకూ? ఓడ దక్కిందిగా. పారిపోయిన ఓడకి నీకు సగం పాయింట్లే," అంటూ టీలో విరిగిపడ్డ బిస్కెట్టు ముక్కను వేలితో తోడుకుని తిన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. మా నిబంధనల పుస్తకం లాక్కుని ఆ సగం పాయింట్ల నిబంధనను కొట్టేశాను. 'బల్ల విడిచి వెళ్ళినవాడు ఓడినట్టే, మిగిలినవాడిదే పూర్తి గెలుపు' అని రాశాను.

డెస్మండ్ చదివాడు. "అలాగే కానియ్," అంటూ కోటు తొడుక్కున్నాడు.

మా క్లబ్బులో ఉన్నది మేమిద్దరమే. అప్పటినుంచి వరసగా తొమ్మిది మంగళవారాలు, ఎదురుగా ఖాళీ కుర్చీ పెట్టుకుని, నేనే గెలిచాను.