బెత్తెడు చిరుగు

“మయామీలో ఎస్తేర్ అత్త పోయింది. నాన్నకి మాత్రం చెప్పకు,” అన్నాడు భర్త డేనియల్, ఆఫీసు నుంచి.

వంటింట్లో ఫోన్ పట్టుకున్న నవోమి కుర్చీ లాక్కుని కూర్చుంది. “చెప్పను సరే. అడిగితే?”

“ఏదో ఒకటి చెప్పు. డాక్టర్ ఏమన్నాడో నీకు తెలుసుగా. నేను ఇటునుంచి ఇటే ఫ్లైట్ పట్టుకుంటా. షికాగోలో ఆఫీస్ పనుందని చెప్పు.”

ఫోన్ పెట్టేస్తుంటే లైన్లో టక్కుమని ఇంకో చప్పుడైంది. ఆ చలికాలం వాళ్లుండే ఎడిసన్‌లో లైన్లన్నీ అలాగే ఏడుస్తున్నాయి. నవోమి పట్టించుకోలేదు.

మామగారు మోరిస్‌కి డెబ్బై ఎనిమిదేళ్లు. నలభై ఏళ్లు న్యూయార్క్‌లో కోట్లు కుట్టిన దర్జీ. కిందటి నెలలోనే రెండోసారి గుండెపోటు వచ్చింది. ఇంకో దెబ్బ తగిలితే మనిషి దక్కడని డాక్టర్ కచ్చితంగా చెప్పాడు. ఎస్తేర్ ఆయనకి ఒక్కగానొక్క చెల్లెలు.

బాపట్ల నుంచి వచ్చిన నర్సు యూదుల ఇంటికి కోడలైనప్పుడు, బంధువులంతా మొహాలు ముడుచుకుంటే మొదట దగ్గరికి తీసింది ఆయనే. ‘మామయ్యగారూ’ అనే మాట నేర్చుకుని, అలా పిలిస్తే తప్ప పలికేవాడు కాదు. అలాంటి మనిషిని మోసం చేయాలి. చిన్నప్పుడు అబద్ధమాడితే నాలిక్కి వేపాకు రసం రాసే తల్లి చేతిలో పెరిగింది నవోమి. ఆ చేదు ఇప్పుడు మళ్లీ నోట్లోకొచ్చింది.

మర్నాడు బట్టలుతుకుతుంటే ఆయన నల్ల వెయిస్ట్‌కోటు చిరిగి కనిపించింది. మెడ దగ్గర్నుంచి కిందికి, కుడి పక్క, బెత్తెడు చిరుగు.

“మేకు పట్టుకుంది,” అన్నాడాయన. ఆమె కుట్టింది. రెండు రోజులకి చూస్తే కుట్లన్నీ ఊడదీసి ఉన్నాయి.

“ఇదేంటి మామయ్యగారూ?”

“నీ కుట్టు వంకర. ఒక నెల పోనీ, అప్పుడు కుడుదువుగానిలే.”

ప్రతి ఆదివారం పదింటికల్లా పై గదిలో, అదే లైనుకున్న రెండో ఫోన్ పక్కన కుర్చీ వేసుకుని చెల్లెలి కోసం కూర్చోవడం ఆయన అలవాటు. ఆ ఆదివారం కూర్చోలేదు. గండం గడిచిందనుకుని నవోమి తనే తొందరపడింది.

“ఎస్తేర్ ఆంటీకి గొంతు బాగాలేదట. మాట్లాడొద్దన్నారట. ఉత్తరం రాస్తుందట.”

“అలాగా,” అన్నాడు మోరిస్. “రాస్తే చదివిపెట్టు. నా కళ్లు కనపడి చావవు.”

ఒక అబద్ధానికి కాపలాగా ఇంకోటి పుట్టింది. వంటింట్లో కూర్చుని ఎస్తేర్ పేరుతో ఉత్తరం రాసి, ఆయన ముందు కూర్చుని చదివింది. ఆయన కళ్లు మూసుకుని విన్నాడు. “మళ్లీ చదువు,” అన్నాడు.

ఇదిలా ఉంటే మనిషి తీరే మారిపోయింది. గడ్డం గీసుకోవడం మానేశాడు. మెత్తటి సోఫా వదిలేసి, కాళ్లు పెట్టుకునే పొట్టి స్టూలు మీద కూర్చుంటున్నాడు. అడిగితే నడుం నొప్పి అంటాడు. నర్సు కళ్లకి అవి మంచి లక్షణాలు కావు. నిజం తెలియకముందే ఇలా ఉంటే, తెలిస్తే ఏమైపోతాడు? ఆమె అబద్ధాన్ని ఇంకాస్త గట్టిగా పట్టుకుంది.

శుక్రవారం రాత్రి భోజనాల దగ్గర, కొవ్వొత్తులు వెలిగించాక, ఎవరో ఒకరు ధర్మసందేహం అడగాలన్నది ఆ ఇంటి ఆచారం. ఆ వారం నవోమి వంతు.

“మామయ్యగారూ, అబద్ధం తప్పు కాకుండా ఎప్పుడైనా ఉంటుందా?”

ఆయన ఆమె మొహంలోకి చూశాడు.

“తొంభై ఏళ్ల వయసులో బిడ్డ పుడతాడంటే శారా నవ్వింది. ‘మా ఆయన ముసలాడు కదా’ అంది. దేవుడు ఆ మాట మొగుడికి మోశాడు. ఎలా మోశాడో తెలుసా? ‘నేను ముసలిదాన్ని కదా అంటోంది మీ ఆవిడ’ అన్నాడు. ఇంట్లో శాంతి కోసం దేవుడే మాట మార్చాడమ్మా.”

“మా వైపు నూరు అబద్ధాలాడైనా ఒక పెళ్లి చేయమంటారు.”

“మీవాళ్లది పెద్ద చెయ్యి. మా దేవుడు ఒక్కదానితో సరిపెట్టుకున్నాడు,” అని నవ్వాడు. తర్వాత నెమ్మదిగా అన్నాడు. “అబద్ధం మోసేవాళ్లదీ గుండేనమ్మా. దాన్ని కూడా ఎవరో ఒకరు చూసుకోవాలి.”

నవోమి గిన్నెలు తీసే వంకతో లేచివెళ్లి, కుళాయి తిప్పి, ఆ చప్పుడులో ఏడ్చింది.

అత్త ఇల్లు ఖాళీ చేయించి, మూడో శుక్రవారం మధ్యాహ్నానికి డేనియల్ తిరిగొచ్చాడు. పెట్టె కింద పెట్టకముందే నవోమి ఉతికే బట్టల్లోంచి వెయిస్ట్‌కోటు తీసి అతని చేతిలో పెట్టింది.

“నాకు భయంగా ఉంది డేనియల్. ఆయన మతి తప్పుతోందేమో. నేను కుడితే కుట్లన్నీ ఊడదీశారు. దర్జీ అయ్యుండి చిరుగుల కోటు వేసుకుంటారా ఎవరైనా?”

డేనియల్ ఆ చిరుగు మీద వేలు పెట్టి చూశాడు. కోటు తిప్పి, అది ఏ పక్కనుందో మళ్లీ చూశాడు.

“ఎప్పట్నుంచి?”

“నువ్వెళ్లిన మర్నాటి నుంచి.”

అతను మెట్ల మీద కూలబడ్డాడు. అంతలో పై గదిలోంచి మోరిస్ గొంతు వినిపించింది. “అమ్మాయ్ నవోమీ, ఎస్తేర్ దగ్గర్నుంచి ఈ వారం ఉత్తరమేమైనా వచ్చిందా?”

నవోమి జవాబివ్వబోయింది. డేనియల్ ఆమె చెయ్యి పట్టుకుని ఆపాడు.

“మనిషి పోయాడని తెలిసిన రోజు మావాళ్లు ఒంటి మీది బట్ట చించుకుంటారు నవోమీ,” అన్నాడు గొంతు తగ్గించి, “అమ్మానాన్నలకైతే ఎడమ పక్క, తోడబుట్టినవాళ్లకైతే కుడి పక్క.”