చెవిముక్క

వరసగా మూడో రాత్రి కూడా కాపలాదారు గవరయ్యకు కునుకు లేదు. సబ్బవరం షెడ్డులో నాలుగు నెలల పెయ్య సింహాచలం కొండవైపు తిరిగి అరుస్తోంది. గవరయ్య ఆవు చచ్చిపోతే, దాని చెవిముక్కతో డాక్టర్లు క్లోనింగ్ చేసి పుట్టించిన పెయ్య అది. తొలిచూలు కోడెదూడను మొక్కు ప్రకారం ఆ కొండమీది అప్పన్నకిచ్చేశాక, ఆ ఆవు కూడా చచ్చేదాకా ఇలాగే అరిచింది.

"సెవిముక్కలోంచి ఒళ్ళొచ్చింది సరే, దుఃఖం కూడా వత్తాదేటమ్మా?" ఫోన్‌లో అడిగాడు.

"జ్ఞాపకాలు రావు బాబాయ్, పడుకో," అంది డాక్టర్ రేచల్ ఆవలిస్తూ.

పెయ్య అరుపు ఆపి చెవులు రిక్కించింది. కొండవైపు నుంచి ఓ దూడ అరిచింది. ఎవరిదోలే అనుకుని గవరయ్య కళ్ళు మూసుకున్నాడు.

రెండో అరుపు గేటు దగ్గరే వినిపించింది. ఆ వెంటనే, పెయ్య కింద గడ్డిమీద టపటపా పాలు కారుతున్న చప్పుడు.