కుడికంటి బొమ్మలు

"సినిమాలోంచి ఆ గుడిసెలు తీసెయ్యమన్నానా, లేదా? రేపు ఓడరేవు పండగలో తీరం ఖాళీగా కనబడాలి," అన్నాడు అధికారి పరాంకుశం.

"తీసీసినాను సారూ. సూసుకోండి," అంది బొమ్మలు గీసే నూకరత్నం.

జనమంతా కలిసి చూసిన త్రీడీ బొమ్మల సినిమానే భూమి రికార్డుగా చెల్లే రోజులవి. అందులో లేకపోతే నూకరత్నం పుట్టిన జాలరిపేట ఇక లేనట్టే.

త్రీడీలో ఒక్కో కంటికి ఒక్కో బొమ్మ కావాలి. పరాంకుశం ఎడమకంటి బొమ్మలు చూసి సరేనన్నాడు. కుడికంటివి యంత్రమే గీస్తుంది కాబట్టి ఆ ఆఫీసులో వాటినెవరూ తనిఖీ చెయ్యరు. ఈసారి వాటిని నూకరత్నం తన చేత్తో గీసింది.

మర్నాడు మైదానంలో ఇరవై వేలమంది కళ్లజోళ్లు పెట్టుకున్నారు. సముద్రం వాళ్ల మీదికి లేచి వచ్చింది. ఇసుక మీద మాత్రం ఏదో కనబడీ కనబడనట్టు మిణుకుమంటోంది. జనం కళ్లజోళ్లు సర్దుకున్నారు.

నూకరత్నం మైకు లాక్కుంది. "అమ్మలారా, అయ్యలారా! ఎడమకన్ను ముయ్యండి!"

మూశారు. మూడువందల గుడిసెలు, ఆరేసిన వలలు, గడప దగ్గర చేపలు తోముతున్న ఆడవాళ్లు తెరమీద స్పష్టంగా నిలబడ్డారు. మైదానం హోరెత్తింది.

"ఆపెయ్యవే!" అని పరాంకుశం వేదికెక్కి అరిచాడు.

"ఆపుకోండి సారూ," అంది నూకరత్నం. "ఇరవై వేలమంది సూసీసినారు. మా పేట ఇంకెక్కడికీ పోదు."