దానికి కనపడకుండా

"ఈ గోడ దగ్గర నిలబడితే నేను కనపడకూడదండీ," అంటూ హనుమయ్య తన ఫోన్ శాలిని ముందుకు జరిపాడు.

ఆమె ఫోటో చూసింది. పటమటలో ఏదో సందు. ఒక అపార్ట్‌మెంటు పక్కగోడ. వెలిసిపోయిన పసుపు రంగు, మురుగు గొట్టాలు, సగం చిరిగిన కోచింగ్ సెంటర్ పోస్టర్లు, పైన ఒక బాల్కనీ, దాని పక్కనే కరెంటు స్తంభం.

ఆటోనగర్‌లో లారీ షెడ్ల మధ్య శాలినికి బట్ట మీద డిజైన్లు అచ్చువేసే చిన్న యూనిట్ ఉంది. ఆమె వేసేది కామోఫ్లాజ్. అడవిలో దాక్కోవాలంటే నాలుగు ఆకులు గీస్తే చాలు. ఊళ్ళో దాక్కోవాలంటే గోడ గియ్యాలి, గోడ మీద కిళ్ళీ మరకతో సహా గియ్యాలి. గోడలకు చెవులుంటాయంటారు గానీ, శాలిని గీసిన గోడల్లో మనుషులే ఉంటారు. షూటింగుల వాళ్ళు వస్తారు, సరదాపడి చొక్కాలు కుట్టించుకునే కుర్రకారు వస్తారు. ఫలానా గోడే కావాలని వచ్చినవాడు మాత్రం ఈ కంకిపాడు ఆసామి ఒక్కడే.

ఎవరికి కనపడకూడదని అడిగింది.

"దానికేనండి," అన్నాడు తల వంచుకుని.

ఆడవాళ్ళని 'అది' అనే మగాళ్ళంటే శాలినికి ఒళ్ళు మంట. అయినా మొహంలో కనపడనివ్వలేదు. మంచినీళ్ళిచ్చి కూర్చోబెట్టింది. కూర్చోబెడితే మనిషి మాట్లాడతాడు.

మాట్లాడాడు.

"ఎంతమందిలో ఉన్నా అది నన్ను పోల్చేస్తుందండి. నిరుడు దాని కాపురం కూలగొట్టింది నేనే. అప్పట్నుంచీ పగబట్టింది. చొక్కా మార్చినా వదల్లేదు, బండి మార్చినా వదల్లేదు. ఇప్పుడు మళ్ళీ అక్కడే కాపురం పెట్టింది. ఈసారి పిల్ల కూడా ఉంది."

"అయితే?"

"పిల్లని తీసేసుకుంటానండి. అక్కడుంటే అది బతకదు. వేరేచోట పెడతాను."

శాలిని ఇంకాస్త కూపీ లాగాలనుకుంది. అది ఇంట్లో లేనప్పుడు వెళ్ళొచ్చుగా అంది, తను కూడా 'అది' అంటున్నందుకు లోపల తిట్టుకుంటూనే. కదలదన్నాడు. ఒకవేళ కదిలినా ఎదురుగా ఎక్కడో కాపేసి కూర్చుంటుందన్నాడు. ఈ సంగతి ఎవరికైనా చెప్పారా అని అడిగితే గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకున్నాడు. చెబితే తోటి లైన్‌మన్లలో పరువు పోతుందట. ఆదివారం పొద్దున నిచ్చెన వేసుకుని పని కానిచ్చేస్తాడట. ముందుగా ఆ వీధికి కరెంటు తీయిస్తాడట.

అంటే సీసీ కెమెరాలు కూడా పనిచెయ్యవన్నమాట. శాలిని ఆర్డరు రాసుకుంది. కుదరదంటే ఇంకో చోటికి పోతాడు. అప్పుడు ఆ తల్లికి దిక్కెవరు?

బట్ట చెడగొడదామనే కూర్చుంది. భుజాల దగ్గర గీత తెగకుండా వదిలేస్తే చాలు, మనిషి ఆకారం పట్టిచ్చేస్తుంది. కానీ పాడు చెయ్యి, పని చెడగొట్టమంటే వింటుందా? పసుపు పక్కన నాచు పడింది, నాచు మీద పోస్టరు చిరుగు పడింది, భుజం గీత మురుగు గొట్టంలో కలిసిపోయింది. అంత బాగా ఎప్పుడూ కుదరలేదు. ఆ బాగుకే ఆమెకు భయమేసింది.

తమ చర్చిలో పక్కన నిలబడి పాడే మార్త పోలీసు కానిస్టేబుల్. ఆమెకు అంతా చెప్పింది.

మార్త తొందరపడలేదు. "గోడ రంగు చొక్కా వేసుకోవడం నేరం కాదే. నిచ్చెన ఎక్కి చెయ్యి చాపనీ. అప్పుడు చూద్దాం," అంది.

ఆదివారం ఆరాధన మానుకుని ఇద్దరూ ఆ సందులో ఇడ్లీ బండి వెనక నిలబడ్డారు. పై బాల్కనీలో పసిపిల్ల గౌన్లు ఆరేసి ఉన్నాయి. వాటిని చూస్తే శాలినికి కళ్ళు చెమర్చాయి. రాత్రే వచ్చి తలుపు కొట్టి ఆ తల్లిని హెచ్చరించాల్సిందని తనని తాను తిట్టుకుంది. బండివాడి మిక్సీ ఆగింది. చెప్పినట్టే కరెంటు పోయింది.

హనుమయ్య వచ్చాడు. కొత్త బట్ట, నుదుటి మీదకి లాక్కున్న అదే బట్ట టోపీ, మోచేతికి ఒక బుట్ట. బుట్టలో మెత్తటి పాతచీర. వెదురు నిచ్చెన బాల్కనీ పక్కన ఆనించాడు. నాలుగు మెట్లెక్కాడో లేదో, గోడ అతన్ని మింగేసింది.

"ఏడే?" అంది మార్త.

"అదిగో, గొట్టం పక్కన."

"నాకు నిచ్చెన తప్ప ఏం కనపడట్లేదే."

శాలినికి కనపడుతున్నాడు. ఆ బట్టలో ప్రతి మరకా ఆమె వేసిందే. మెల్లగా, పిల్లిలా పైకి పోతున్నాడు. బాల్కనీ ఎత్తుకి చేరాడు. బుట్ట సర్దుకున్నాడు. మార్త కళ్ళు చిట్లించి ఇంకా పోస్టర్లలోనే వెతుకుతోంది. ఆమె చూసేసరికి పిల్ల బుట్టలో ఉంటుంది.

అతని చెయ్యి ముందుకు సాగింది.

ఇక ఆగలేకపోయింది శాలిని. "అమ్మా, నీ పిల్ల! నీ పిల్లని చూసుకో!" అని సందు దద్దరిల్లేలా అరిచింది.

ఆ అరుపుకి హనుమయ్య ఉలిక్కిపడి వెనక్కి తిరిగాడు. టోపీ జారి కింద పడింది. వద్దు వద్దన్నట్టు చెయ్యి ఊపాడు గానీ అప్పటికే ఆలస్యమైపోయింది.

బాల్కనీ తలుపు తెరుచుకోలేదు గానీ, పక్కనున్న కరెంటు స్తంభం మీద ఇనప తీగలతో అల్లుకున్న గూట్లో పిల్లని వదిలి ఒక్క ఉదుటున లేచి, అతని మొహాన్ని పోల్చుకుని, నడినెత్తిన తన్నింది కాకి.